వెన్నులో కరువు

కూతురు ఇందుని డాక్టరుకి చూపించి రూపాదేవి విశాఖ ఆసుపత్రి వరండాలోంచి ఫోను చేసే సరికి ఆమె అత్తగారు రాజులమ్మ చోడవరం శివారులో తమ చెరుకుతోట గట్టు మీద ఉంది. పక్కనే ట్రాక్టరు ఊరంతా వినేలా దున్నుతోంది.

"ఇందుకి వెన్నులో కర్వ్ ఉందంటన్నారత్తా."

"ఏటీ, వెన్నులో కరువా?"

"ఆఁ, కర్వే. ముప్పై ఎనిమిది డిగ్రీలంట."

అక్కడితో సిగ్నలు పోయింది. రాజులమ్మకి డిగ్రీల సంగతి తెలియదు. ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క డిగ్రీ కూడా లేదు. కరువు మాత్రం బాగా తెలుసు. వెన్ను ఇంకా బాగా తెలుసు. వరి పొట్ట పగిలి వెన్ను, అంటే కంకి, తీసే వేళ వాన మొహం చాటేస్తే గింజ ఉండాల్సిన చోట తాలు ఉంటుంది. ఆ ఏడు భాద్రపదం వచ్చినా మబ్బు జాడ లేదు. "పట్నంలో పెద్ద డాక్టరు మిషను పెట్టి సూసేడంట, ఈ ఏడు వెన్నులో కరువంట" అని ఆవిడ గట్టు దిగి ఇల్లు చేరేలోగా దారి పొడుగునా చెప్పుకుంటూ పోయింది. ఎముకల డాక్టరుకి వరి ఎముకలతో ఏం పని అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

సాయంత్రం బస్సు దిగిన కోడలు అసలు సంగతి చెప్పింది. వెన్నంటే పిల్ల వెన్ను. కర్వ్ అంటే వంపు. పద్నాలుగేళ్ళ ఇందుకి వెన్నెముక పక్కకి ఒంగి, కుడిపక్క వీపు ఎత్తుగా లేస్తోంది. నలభై అయిదు డిగ్రీలు దాటితే వీపు కోసి ఇనప కడ్డీలు వేస్తారు. దాటకుండా ఉండాలంటే చంకల కిందనుంచి తుంటిదాకా గట్టి ప్లాస్టిక్ బెల్టు రాత్రీ పగలూ బిగించుకోవాలి. దానికి తోడు గుర్రపు స్వారీ. మెల్లగా నడిచే గుర్రం మీద కూర్చుంటే నడుం అటూ ఇటూ ఊగి, వెన్ను పక్క కండలు గట్టిపడతాయట. గుర్రం మీద ఉన్నంతసేపే బెల్టు తియ్యాలి, దిగీదిగగానే పెట్టాలి. అసలు మందు బెల్టే, గుర్రం దానికి వెన్నుదన్ను.

రాజులమ్మ విని సర్దుకుంది గాని సరిదిద్దలేదు. చెప్పిన మాట వెనక్కి తీసుకుంటే వీధిలో పరువు కరువవుతుందని ఆవిడ భయం.

చోడవరంలో బెల్టంటే ఒక్కటే అర్థం. దొంగచాటుగా సీసాలు అమ్మే బెల్టుషాపు. అలాంటిదొకటి కిరాణా కొట్టు వెనక నడిపే గణపతిరావు, ఇందు బడికి వెళ్ళే దారిలో కూర్చుని ఉండేవాడు. ఆ పిల్లకి అతను పెట్టిన పేరు ప్రశ్నార్థకం.

"ఏటే ప్రశ్నార్థకం, జవాబు దొరికిందేటి?" అనేవాడు రోజూ. బెల్టు వచ్చిన మర్నాడు, "మాకు పోటీగా నువ్వూ బెల్టు పెట్టేవంట. క్వార్టరెంతకి ఇస్తన్నావేటి?" అన్నాడు. బెంచీ మీది జనం నవ్వారు. ఇందు తల వంచుకుందామనుకుంది గాని బెల్టు వంచనివ్వలేదు. అందుకని నిటారుగానే ఏడ్చింది.

ఊళ్ళో ఉన్నది ఒకే ఒక్క గుర్రం. సత్యారావు పెళ్ళిగుర్రం, పేరు రాణి. తెల్లది, మెడలో గజ్జెలు, నుదుట తళుకుల పట్టీ. భాద్రపదంలో ముహూర్తాలుండవు కాబట్టి గుర్రం గడ్డి తింటోంది, సత్యారావు గుర్రు పెడుతున్నాడు. రూపాదేవి అడిగితే, "కూకోబెట్టండమ్మా, దానిక్కూడా కాళ్ళు సాగుతాయి" అన్నాడు. విశాఖనుంచి ప్రేమ్‌కుమార్ అనే వ్యాయామాల కుర్రాడు ఒకసారి వచ్చి ఎలా కూర్చోవాలో, చేతులు ఎలా చాపాలో చూపించి వెళ్ళాడు. రూపాదేవికి పొద్దున్నే అంగన్‌వాడీ డ్యూటీ. అందుకని మనవరాలి వెంట రాజులమ్మ వెళ్ళేది, తీసిన బెల్టుని పసిబిడ్డలా చంకనెత్తుకుని.

జీన్సు వేసుకున్న పిల్ల జీను ఎక్కింది. ఎక్కాక తెలిసింది ఇందుకి, గుర్రం మీద ఉన్నవాళ్ళ వీపు ఎవరూ చూడరని. అందరూ తలెత్తి మొహం చూస్తారు. సవారీ వెన్నుని ఎంత సవరించిందో గాని, ఆ పిల్ల మనసుని మాత్రం మొదటి రోజే సవరించింది.

ఇక్కడ ఒక పెళ్ళి మర్యాద సంగతి చెప్పాలి. ఊళ్ళో ఏ పెళ్ళికొడుకు ఊరేగినా గట్టు మరిడమ్మ గుడి ముందు ఆగి కొబ్బరికాయ కొట్టాలి. కాయ కొట్టేదాకా గుర్రం కుదురుగా ఉండాలని సత్యారావు గుడి మెట్టు మీద బెల్లంముక్కలు పెట్టి రాణికి నేర్పాడు. గుడి రాగానే ఆగడం, మూడుసార్లు తల దించడం, ముక్క దొరికితే నమిలి కదలడం. మీద ఉన్నది పెళ్ళికొడుకా కాదా అన్నది రాణికి అనవసరం. అది పెళ్ళి చూడదు, బెల్లం చూస్తుంది.

మొదటి రోజే గుడి ముందు రాణి ఆగింది. మూడుసార్లు తల దించింది. కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు చూశారు. బ్యాండు లేదు, పెళ్ళికొడుకు లేడు, సత్యారావు పగ్గం లాగనూ లేదు. గుంటపిల్లని మోస్తూ గుర్రం అమ్మవారికి దండం పెట్టింది. రెండో రోజు కుళాయి దగ్గర బిందెలకంటే మనుషులు ఎక్కువయ్యారు. వెన్నులో కరువని ముందుగా చెప్పింది వీళ్ళింట్లోనే కదా అని ఎవరో గుర్తు చేశారు. మూడో రోజు నవ్వడానికి గణపతిరావు కూడా వచ్చాడు. రాణి మూడోసారి తల దించేసరికి మాడుగుల కొండల వైపునుంచి ఉరిమింది. వాన కుండపోతగా పడింది.

తడిసి ముద్దయిన గణపతిరావు అందరికంటే ముందు బురదలో సాష్టాంగపడ్డాడు.

"తప్పయిపోనాది తల్లీ. ప్రశ్నార్థకం అన్నాను. నువ్వే జవాబువి."

పగ్గం పట్టుకున్న సత్యారావు అసలు సంగతి చెబుదామని నోరు తెరిచాడు. ఆ నోట్లో ఎవరో అరటిపండు పెట్టారు. మూసేశాడు.

ఆ తర్వాత పూనకం పట్టింది ఇందుకి కాదు, ఊరికి. కె.కోటపాడు నుంచి, వడ్డాది నుంచి ఆటోలు కట్టుకుని వచ్చారు. గుర్రం దిగిన పిల్లని చుట్టుముట్టి ఎత్తుగా ఉన్న కుడి వీపుని చేత్తో తడిమి కళ్ళకద్దుకునేవారు. "అమ్మ ఇక్కడే కూకుందమ్మా" అని ఒకావిడ అక్కడ పసుపు రాసింది. నిన్నటిదాకా వంకరని వంక పెట్టినవాళ్ళకి ఇప్పుడు ఆ వంకరే కావాలి. సవారీ అయ్యేదాకా గుడి అరుగు మీద రాజులమ్మ పెట్టే బెల్టుకి ఒకరోజు ఎవరో బొట్టు పెట్టారు. మర్నాడు దండ వేశారు. ఆ మర్నాడు అది అరుగు మీద లేదు. లోపల అమ్మవారి విగ్రహానికి తొడిగి ఉంది, అఖండదీపం పక్కన, కవచంలా.

రూపాదేవి పరుగెత్తుకెళ్ళింది. ఆడవాళ్ళు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"అమ్మకి సమర్పించింది ఎనక్కి తీస్తారేటమ్మా? వాన పోతే నువ్విస్తావేటి?"

"అది నా కూతురి బెల్టు. అది లేకపోతే దాని ఎన్ను ఇంకా ఒంగిపోతాది."

"ఒంగనీ. ఒంగితే అమ్మ ఉన్నట్టే కదా. సరయిపోతే ఎల్లిపోయినట్టు."

ఇంటికొచ్చి మొగుడు సత్తిబాబుతో చెప్పుకుంది. అతను చేను వైపు చూశాడు. "పంట ఇంటికి రానీ. అప్పుడు తీద్దాం" అన్నాడు. కూతురి వెన్నూ వరి వెన్నూ తక్కెడలో పెడితే అతని చెయ్యి వరివైపు వంగింది. అత్తగారు నోరు విప్పలేదు. వీధిలో అందరూ ఇప్పుడావిణ్ణి రాజులమ్మగారు అంటున్నారు. ఆ 'గారు' వదులుకోవడం గారం చేసిన మనవరాలిని వదులుకోవడంకంటే కష్టమైంది ఆవిడకి.

దీపావళి వెళ్ళాక విశాఖలో డాక్టరు కొత్త ఎక్స్‌రే చూశాడు.

"నలభై మూడు. బెల్టేదమ్మా?"

"గుళ్ళో ఉందండి" అంది రూపాదేవి.

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "కొత్తది తయారయ్యేదాకా ఆ పాతదైనా ఈ రోజే పెట్టండి. ఇంకో రెండు డిగ్రీలు పెరిగితే నా చేతిలో బెల్టుండదు, కత్తి ఉంటుంది."

బస్సు దిగి ఇందు తిన్నగా సత్యారావు పాకకి వెళ్ళింది. అతను తవుడు బస్తా మీద దిగులుగా కూర్చున్నాడు. కార్తీకంలో ముహూర్తాలు వరసగా ఉన్నాయి, కాని అమ్మవారి వాహనం మీద కొడుకుని ఎక్కించే ధైర్యం ఎవరికీ లేదు.

"బాబాయ్, గుర్రానికి నువ్వే నేర్పేనని సెప్పేయ్. నా బెల్టు నాకొస్తాది."

"సెప్తే నా కాళ్ళు ఇరగ్గొడతారే గుంటా."

"అయితే నేను సెప్తాను."

సత్యారావు బస్తా మీదనుంచి లేచాడు. "సెప్పు. నీకు బెల్టొస్తాది, నాకు పెళ్ళిళ్ళొస్తాయి. కానీ మరి రాణి నీకుండదు. పెళ్ళికొడుకులు కూకునే జీను మీద గూనిపిల్లని కూకోబెట్టేనంటే బేరాలు రావు. తెలుసు కదా."

ఇందు రాణి మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. "ఆ బస్తా రేపు గుడికాడికి తీసుకురా" అంది.

మర్నాడు మంగళవారం. గుడి ముందు ఇసక వేస్తే రాలనంత జనం. గుర్రం మీదనుంచి ఇందు దిగి, గణపతిరావుని ఎక్కమంది. అమ్మవారి ఆజ్ఞ అనుకుని అతను మురిసిపోతూ ఎక్కాడు. సత్యారావు నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ నడిపించాడు. రాణి గుడి ముందు ఆగింది, మూడుసార్లు తల దించింది. జనం గణపతిరావుకి చేతులు జోడించారు. అతను ఆశీర్వదించడానికి చెయ్యెత్తాడు కూడా.

"దిగు" అంది ఇందు. "ఇప్పుడు బస్తా ఎక్కించండి."

తవుడు బస్తాని జీనుకి కట్టారు. రాణి నడిచింది. ఆగింది. తల దించింది, ఒకటి, రెండు, మూడు. మెట్టు మీద బెల్లం నమిలింది.

"తవుడుకి కూడా పూనిందేటి?" అని అడిగింది ఇందు.

 అందరూ సత్యారావు వైపు చూశారు. "పెళ్ళిళ్ళ కోసం నేర్పేను బాబూ" అని గొణిగాడు అతను. చేతులు ఒక్కొక్కటిగా విడిపోయాయి.

"మరి ఎన్నులో కరువని సెప్పింది మీరే కదేటి?" అన్నాడు గణపతిరావు, తన దండం ఎవరిమీద వసూలు చేసుకోవాలో తెలియక. అందరి కళ్ళూ రాజులమ్మ మీదికి తిరిగాయి. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కరువు కాదు. ఫోన్లో నాను అలా ఇన్నాను. డాక్టరు కర్వ్ అన్నాడంట."

ఈలోగా రూపాదేవి గుడిలోపలికి వెళ్ళి బెల్టు విప్పి తెచ్చింది. ఈసారి ఎవరూ అడ్డం నిలబడలేదు. దండలు తీసి, కుంకం దులిపి, కూతురి ఒంటికి పెట్టబోయింది. పట్టలేదు. అఖండదీపం సెగకి ప్లాస్టిక్ ఒకపక్క మెత్తబడి, మెలి తిరిగి, అలాగే గట్టిపడిపోయింది. ఊళ్ళో వంపు తిరగనిది ఇంకేదైనా మిగిలి ఉంటే అది ఆ బెల్టే అనుకున్నారు. అదీ వంపు తిరిగింది.

"ఇంతకీ కర్వ్ అంటే ఏటి?" అని జనంలోంచి ఎవరో అడిగారు.

ఇందు తల్లి చేతిలోంచి పక్కకి జరిగింది. జనానికి వీపు తిప్పి నిలబడింది. రెండు చేతులూ జోడించి, ఆసుపత్రిలో డాక్టరు వంగమన్నట్టే, నడుం దగ్గరనుంచి ముందుకి మెల్లగా వంగింది. తల మోకాళ్ళ దాకా వచ్చింది. చొక్కా కింద ఎడమపక్క వీపు పల్లమైంది, కుడిపక్క గట్టులా లేచింది. వెనకవాళ్ళు మునివేళ్ళ మీద లేచి మరీ చూశారు.

"ఇదీ" అంది, వంగే ఉండి.

చిట్టచివరి వరసదాకా అందరికీ అర్థమైంది.

"ఓస్, గూనేనా" అన్నాడు గణపతిరావు. వాళ్ళ వాళ్ళ కొబ్బరికాయలు ఏరుకుని అందరూ ఇళ్ళకి పోయారు. సత్యారావు బస్తా దింపి, జీను తడిగుడ్డతో తుడిచి, రాణిని నడిపించుకుపోయాడు.