ప్రతి ఏడో పేరు

అరబ్బు దేశంలో దుక్మ్ అనే ఊరి దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ నడిపే నిర్బంధ శిబిరం ఉంది. తిరిగి తమ దేశాలకు పంపేయాల్సిన విదేశీ కూలీలను అందులో ఉంచుతారు. లోపల వాళ్లను ఎలా చూస్తున్నారో తేల్చే పని అదే దేశంలో, అజైబాలోని ఒక సర్వే ఆఫీసుకు దక్కింది. తెలుగువాళ్లతో మాట్లాడడానికి ఆ ఆఫీసు నుంచి రుబీనా వెళ్లింది. ఆమెది కడప.

మొదటి రోజు కంపెనీవాళ్లే ఇరవై మందిని ఎంచి కూర్చోబెట్టారు. తలుపు దగ్గర గార్డు నిలబడ్డాడు. ఇరవై మందీ ఒకే మాట చెప్పారు: "అంతా బాగుంది మేడమ్."

ఫోన్లో అది విన్న ఆమె బాస్ యాసిర్, "వాళ్లు ఎంచిన మనుషులు మనకొద్దు. రిజిస్టర్లో ప్రతి ఏడో పేరు తీసుకో. ఒక్కొక్కరితో ఒంటరిగా మాట్లాడు" అన్నాడు.

మర్నాడు పొద్దున రుబీనా పేర్లు రాసిన చీటీని సూపర్‌వైజర్ ఇస్రార్‌కు ఇచ్చింది. ఇద్దరు వచ్చి వెళ్లారు. మూడో మనిషి, రాజంపేట మేస్త్రీ జయరాముడు, రాలేదు.

"క్లినిక్‌కు పోయాడు. ఇంకొకణ్ణి పిలుస్తా" అన్నాడు ఇస్రార్.

"వద్దు. అతనే కావాలి."

క్లినిక్ పుస్తకంలో ఆ పేరు లేదు. ఇంతలో వెనక షెడ్డులోంచి కేక వినబడింది. రుబీనా పరుగెత్తింది.

జయరాముణ్ణి బెంచీకి కట్టేసి, ఒక గార్డు రబ్బరు పైపుతో అరికాళ్ల మీద బాదుతున్నాడు. "మేడమ్‌కు ఏం చెప్తావురా?" అంటూ ప్రతి మాటకూ ఒక దెబ్బ. చర్మం చిట్లి నెత్తురు నేల మీద కారుతోంది. రుబీనా పైపు పట్టుకోబోయింది. అది ఆమె నోటికి తగిలింది. పెదవి చీలింది. అప్పుడు గాని వాడు ఆగలేదు.

ఆమె కట్లు విప్పింది. "నేనిచ్చిన చీటీ సూసే నిన్ను కొట్నారన్నా. తప్పు నాది" అంది ఏడుస్తూ.

"అదట్లుండనీమ్మా. ముందు ఇది రాసుకో" అన్నాడతను రొప్పుతూ. "నా పక్క మంచం ఆంజిని పోయిన వారం ఈడనే కొట్టి సంపినారు. జరమొచ్చి సచ్చిపాయనని కాగితం రాసినారు."

ఆ రోజు నుంచి యాసిర్ కూడా శిబిరానికి రావడం మొదలుపెట్టాడు. పేర్లు ముందుగా ఎవరికీ చెప్పకుండా, ఇద్దరూ తామే గదుల్లోకి వెళ్లి మనుషుల్ని పిలిచారు. మనిషి బొమ్మ గీసిన కాగితాల మీద ఒక్కొక్కరి గాయాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టారు. ముప్పై ఎనిమిది మందిలో ఇరవై రెండు మందికి అరికాళ్లు వాచి ఉన్నాయి.

ఆ కాగితాలను యాసిర్ పోలీసులకు ఇచ్చాడు. వాళ్లు శిబిరానికి వచ్చారు. ఆంజి శవాన్ని మళ్లీ పరీక్షిస్తే పక్కటెముకలు నాలుగు విరిగి ఉన్నాయి. ఇస్రార్‌నూ, ఇద్దరు గార్డులనూ పట్టుకుపోయారు. కంపెనీ కాంట్రాక్టు పోయింది.

జయరాముడు ఇంటికి బయల్దేరిన రోజు, విమానాశ్రయంలో అతని చక్రాల కుర్చీని రుబీనాయే తోసింది.

"ఇంక గోడలెక్కి పని చెయ్యలేను గదమ్మా?" అని అడిగాడతను.

రుబీనాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఎక్కలేవన్నా" అంది.