ఆరో దర్వాజ

సిరిసిల్లల సాంచాలు ఆగిన తొమ్మిదో రోజుకు సిద్దిరాములు ఇంట్ల మూడు కొత్త వస్తువులు తయారైనయి. మూడు కాళ్ల పీట ఒకటి. ఖాళీ డబ్బాలను మాత్రమే మోసే అల్మార ఒకటి. విప్పితే ఆగి, కడితే కారే నల్లా ఒకటి.

సాంచా అంటే కరెంటు మగ్గం. లాక్‌డౌన్ వచ్చి ఊర్ల ఉన్న సాంచాలన్నీ ఒక్కసారే బందయితే, మొదటి రోజు అందరి చెవులు గుయ్యిమన్నయి. ముప్పై ఏండ్లు ఆ టకటకల నడుమ అరిచి మాట్లాడిన జనం, చప్పుడు లేకున్నా అరిచే మాట్లాడుకుంటున్రు. ఒకింట్ల ఆడమనిషి ఉప్పు తెమ్మంటే నాలుగిండ్ల మొగోళ్లు సంచి పట్టుకుని లేచేటోళ్లు.

సిద్దిరాములుకు చేతులు ఊకుండవు. పొద్దున ఛాయ్ తాగి ఇల్లంతా కలెజూసేటోడు. ఏదో ఒకటి విప్పేటోడు. పొద్దుగూకే వరకు విప్పిన దాంట్ల సగం బిగించేటోడు. మిగిలిన సగం రేపు. వాడకట్టు ఆయనకు 'సగం పని సిద్దిరాములు' అని ఎన్నడో పేరు పెట్టింది. ఆ పేరు మాత్రం పూర్తిగనే పెట్టిన్రు.

"పీటకు నాలుగో కాలేదయ్యా?" అన్నది ఆయన భార్య అనసూర్య.

"రేపు పెడుత."

"అందాక దీని మీద ఎట్ల కూసోవాలె?"

"జర అటు దిక్కు ఒరిగి కూసో."

అనసూర్య ఒరిగి కూసోని చూసింది. నిలబడ్డది. "నీకు ఏదన్న చివరిదాక చేసుడు వస్తదా?"

"ఏందే అట్లంటవు? నేసేటోనికి తెల్వదా? పడుగు చుట్టిన ఏ బీము మీది పోగులైనా చివర జానెడు నేతకు రావు. ఆ జానెడు ఇడిసిపెట్టాలె. అది మా పనిల ఉన్న ధర్మం."

"బీముకు జానెడయ్యా! నువ్వు ప్రతిదానికి మూరెడు ఇడిసిపెడుతున్నవు."

ఇద్దరి మధ్య ఈ ముచ్చట పెండ్లయినప్పటి నుంచి నడుస్తనే ఉన్నది. అదైనా సగంలో ఆగుతదేమో అనుకుంటే, అదొక్కటి ఆగదు.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, మమతారాణి. నిరుడు బెల్లంపల్లికి ఇచ్చిన్రు. అల్లుడు సుధాకర్ బొగ్గు బాయిల పని చేస్తడు. మమతకిప్పుడు తొమ్మిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లనే కావాలె గదా, ఉగాది పోయినంక తోలుకొద్దామనుకున్నరు. ఉగాది కన్నా ముందు లాక్‌డౌన్ వచ్చింది. దాని మీదికెళ్లి మమత వాళ్ల గల్లీల ఎవరికో జ్వరమని గల్లీకి రెండు దిక్కుల కర్రలు అడ్డం కట్టిన్రు. సుధాకర్ పాస్ కోసం తిరిగిండు. గల్లీ తెరిచేదాక ఎవరూ కదలొద్దన్నరు.

"అవ్వా, చెప్తున్న," అన్నది మమత ఫోన్ల. "నువ్వు పక్కన లేకుంటే నేను కనను."

"కనక ఏం జేస్తవే? కడుపుల దాచుకుంటవా?"

"దాచుకుంట. పెండ్లీడు వచ్చినంక ఇడుస్త."

తల్లీబిడ్డలు పకపక నవ్విన్రు. ఫోన్ పెట్టేసినంక అనసూర్య కొంగుతో కండ్లు ఒత్తుకున్నది. ఉల్లిగడ్డ కోస్తలేదు. అది సిద్దిరాములు చూసిండు. పోయి గడ్డపార తెచ్చిండు.

"వెనుకర్రకు గాలి రాదు. బిడ్డ అచ్చి బాలింత పంటే ఉక్కపోతకు ఆగమైతది. కిటికీ పెడుత."

అది గూనపెంకల ఇల్లు, మట్టిగోడ. మొదటి పోటుకు కిటికీ అంత పడ్డది. రెండో పోటుకు పెద్ద కిటికీ అయింది. మూడోది ఆయన పొడవలే. గోడ దానంతటదే, ఇక చాలని, కింది దాక కూసున్నది.

దుమ్ము తేరినంక అనసూర్య వచ్చి చూసింది. ఆ సందుల నుంచి పెరట్ల ఉన్న జామచెట్టు వేర్లదాక కనపడుతున్నది.

"కిటికీ అన్నవు."

"మొదలు కిటికీయే. తర్వాత మట్టే ఊకోలే."

"గిది దర్వాజ అయిందయ్యా! నాలుగు దర్వాజల ఇల్లు ఐదు దర్వాజలయింది. బేసి దర్వాజల ఇంట్ల నా బిడ్డను బాలింత పండపెట్టాల్నా?"

గోడ మళ్లీ లేపుదామంటే మేస్త్రి రాడు, ఇటుక రాదు. పక్కింటి కొమురవ్వను పిలిచిన్రు. డెబ్భై దాటిన మనిషి. వాడకట్టుల పంచాంగం అయ్యగారు చెప్తడు, తీర్పు కొమురవ్వ చెప్తది. ఆమె తన గడప మీదనే నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, తలుపులన్నీ అనసూర్యతోటి చెప్పించుకుని రెండుసార్లు లెక్కపెట్టింది.

"ఐదు పనికిరాదు. ఆరు జెయ్యుండ్రి."

"ఆరోది యాడికెల్లి తేవాలె పెద్దవ్వా?"

"రంగుతోటి గియ్యరాదా గోడ మీద? చెక్కదా, రంగుదా అని గ్రహాలు అచ్చి తట్టి చూస్తయా? కానీ మీకు ఖాళీ గోడ మన నడుమదొక్కటే గదా... నా వంటింట్లకు తెరుచుకున్నదనుకో, ఊకోను."

ఇగ చూడాలె సిద్దిరాములును. ముప్పై ఏండ్లు తెల్లగుడ్డ నేసిన మనిషి. ఆయన కండ్ల ఎన్ని రంగులు ఆకలితో పడి ఉన్నయో ఎవరికెరుక! సాంచాలకు పూసి మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా, గేటుకు తెచ్చిన వెండిరంగు బయటికి తీసిండు. పాత తలుపు కొలతను దారంతో తీసి ముడేసిండు. మూడు రోజులు ఆ గోడ ముందర నుంచి లేవలే. పలకలు గీసిండు, బందులు గీసిండు, పైన మామిడాకుల తోరణం గీసిండు.

తర్వాత తాళం గీసిండు.

తాళం ఒక్కదాని మీదనే ఒకటిన్నర రోజు కూసున్నడు. వెండిరంగు మీద బొగ్గుతోటి నీడలు, కొండీ మెరుపు, కంపెనీ ముద్ర అన్నీ. ఒక ఈగ వచ్చి దాని మీద వాలి, జారినట్టే అయింది. ఆయన జీవితంల నూటికి నూరుపాళ్లు పూర్తి చేసిన పని అదొక్కటే.

"తాళంచెవేది?" అన్నది అనసూర్య.

"గోడ మీది తలుపుకు తాళంచెవి ఎందుకే?"

"మరి తాళమెందుకు?"

"తాళం లేకుంటే తలుపు లెక్క కనపడుతదా?"

తలుపు కింది అంచు మాత్రం నేల దాక రాలే. జానెడు తెల్లగోడ మిగిలింది. రంగు డబ్బాల ఇంకా ఉన్నది, కానీ ఆయన చెయ్యి దానంతటది ఆగింది. బీము చివర ఆగినట్టు.

తెల్లారి చూస్తే ఆ జానెడు తెల్లగోడ సందయింది, దాని కాడ నల్లటి దుమ్ము పడి ఉన్నది. అనసూర్య చిటికెడు తీసి వేళ్ల నడుమ నలిపింది.

"బెల్లంపల్లిది," అన్నది. దసరాకు వియ్యపురాలింట్ల వారం ఉండి వచ్చింది గదా, ఆ దుమ్ము ఆమెకెరుకే. ఊడ్చి చాట్ల ఎత్తి బయట పోసింది. "ఉన్న పనికి ఇదొక పని," అని గొణిగింది.

రెండు రోజులకు కొమురవ్వ కోడి కనపడలే. మమత దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది.

"అవ్వా, మా నడింట్ల గోడకు ఆకుపచ్చ తలుపు మొలిచింది. దాని కిందికెల్లి నల్లకోడి అచ్చింది. కాలుకు ఎర్రదారం ఉన్నది."

"కొమురవ్వ కోడే. నూకలేసి ఇటు తరుము."

కోడి వచ్చింది. కానీ దానికి దారి తెలిసిపోయింది. గింజలు ఇక్కడ తిని గుడ్లు అక్కడ పెట్టుడు మొదలుపెట్టింది. "దాణా నాది, గుడ్లు వాళ్లవా? ఇదెక్కడి న్యాయం?" అని కొమురవ్వ గోడ అవతల నుంచి అరిచింది. అప్పటి నుంచి సుధాకర్ పొద్దున్నే గుడ్డును సందుల నుంచి మెల్లగ ఇటు దొర్లించేటోడు.

మమతకు సర్వపిండి తినబుద్ధయింది. సర్వపిండి ఎట్లుంటది? బియ్యప్పిండి రొట్టె, పళ్లెం లెక్క పలుచగ. దేవుడు ఆ తలుపు సందు కొలత చూసే ఆ వంట పుట్టించిండేమో! అనసూర్య వేడివేడిగ కాల్చి సందుల నుంచి నూకింది. అటు నుంచి ఖాళీ పళ్లెం వచ్చింది. "ఇంకొకటి," అన్నది మమత గొంతు. ఇంకొకటి పోయింది.

ఇంత దాక బాగనే ఉన్నది. కానీ డాక్టరమ్మ చెప్పిన తారీఖు వచ్చింది, పోయింది. మమత మాట మీద నిలబడ్డది. కడుపుల బిడ్డ కూడా తల్లి మాట విన్నట్టే ఉన్నది. ఐదు రోజులు దాటినయి. ఫోన్ల మమత నవ్వుడు తగ్గింది.

"అవ్వా, భయమైతుంది," అన్నది ఒకనాడు. ఈసారి పెండ్లీడు ముచ్చట తియ్యలే.

అనసూర్య తలుపు ముందర కూలబడ్డది. "అల్లుడా, అటుదిక్కు నుంచి నూకి చూడు."

సుధాకర్ పాపం నేల మీద బోర్ల పండి, సందుల నుంచి సగం ముఖం చూపించిండు. "నమస్తే అత్తా. పొద్దటి నుంచి నూకుతున్న. ఇటుదిక్కు గడియ లేదు, ఏం లేదు. మీ దిక్కే ఏదో అడ్డం తగులుతుంది."

అనసూర్య తల మెల్లగ తాళం దిక్కు తిరిగింది. అక్కడి నుంచి సిద్దిరాములు దిక్కు తిరిగింది. ఆయన గూనపెంకలు లెక్కపెడుతున్నడు.

"ఉండు, తాళంచెవి గీస్త," అన్నడు.

తలుపు పక్కన మొల గీసి, మొలకు తాళంచెవి గీసిండు. తీద్దామంటే గోరుకు సున్నం తప్ప ఏం రాలే. తాళంల పెట్టినట్టే గీద్దామనుకున్నడు. కానీ తాళంచెవి పెట్టే తొర్ర తాళానికి అడుగున ఉంటది. ఎదురుంగ చూస్తే కనపడదు. ఆయన అంత అచ్చంగ గీసిండు మరి! కనపడని తొర్రను ఎక్కడని గీస్తడు?

అప్పుడే తలుపు అవతల మమత "అవ్వా!" అన్నది. ఫోన్ల అనే అవ్వా కాదు. నడుము పట్టుకుని అనే అవ్వా.

అనసూర్య వంటింట్లకు ఉరికింది. గాసునూనె సీస, పాత గుడ్డ పట్టుకుని వచ్చింది. గుడ్డ తడిపి చెయ్యెత్తింది.

"ఆగు," అన్నడు సిద్దిరాములు.

"ఏమాగు? నీ బొమ్మ ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా?"

"గుడ్డ ఇటియ్యి. నేనేసిన తాళం నేనే తీస్త."

తీసుకున్నడు. ఒక్క నిమిషం ఆ తాళాన్ని చూసిండు. కొండీ మీది మెరుపును, ముద్రను చూసిండు. తర్వాత కండ్లు చిట్లించి, బలంకొద్దీ రుద్దిండు. వెండిరంగు కన్నీళ్ల లెక్క గోడ పొంటి కారింది. తాళం పోయి తెల్లటి మరక మిగిలింది.

సున్నం పెళ్లలు రాలినయి. తలుపు అటు నుంచి ఇటు కిర్రుమని తెరుచుకున్నది.

ముందు కోడి వచ్చింది. దాని వెనుక మమత, గోడ పట్టుకుని. వెనుక సంచి పట్టుకుని సుధాకర్. బెల్లంపల్లి గల్లీకి కట్టిన కర్రలు కట్టినట్టే ఉన్నయి. ఆమె గల్లీ దాటలే, ఇల్లు దాటింది. అనసూర్య బిడ్డను రెండు చేతుల పట్టుకున్నది. "వచ్చినవా తల్లీ. ఇగ కను."

గోడ అవతల నుంచి కొమురవ్వ అరిచింది: "నా వంటింట్లకైతే తెరుచుకోలే గదా?"

"లేదు పెద్దవ్వా!"

"అయితే మంచిది. అంబులెన్సుకు ఫోన్ జెయ్యుండ్రి!"

పొద్దుగూకక ముందే సిరిసిల్ల దవాఖానల ఆడపిల్ల పుట్టింది. అనసూర్య వేలు పట్టుకునే మమత కన్నది. ఆ వేలు వారం దాక వంగలే. పిల్లకు హర్షిణి అని పేరు పెట్టిన్రు. ఆరు దర్వాజల ఇంట్ల, వెనుకర్రల, కిటికీ కాబోయి దర్వాజైన సందు నుంచి వచ్చే గాలికి తల్లీపిల్లా మూడు నెలలు సల్లగ పన్నరు. తర్వాత వచ్చిన తొవ్వల్నే బెల్లంపల్లికి పోయిన్రు.

సాంచాలు మళ్లీ నడుస్తున్నయి. జనం అరుస్తున్నరు, ఈసారి అవసరంగ. సలికాలంల ఒక ఆదివారం సిద్దిరాములు ఆకుపచ్చ డబ్బా, కుంచె తీసుకుని తలుపు ముందర కూసున్నడు.

"ఏం జేస్తున్నవు?" అన్నది అనసూర్య.

"కింద జానెడు మిగిలింది గదా. పూర్తి జేస్త. తర్వాత నువ్వే అంటవు సగం పని అని."

అనసూర్య వచ్చి ఆయన చేతిల కుంచె గుంజుకున్నది. "ఉండనీ."

పెండ్లయిన ముప్పై ఏండ్లల ఆమె నోట ఆ మాట రాలే. సిద్దిరాములు తప్పు విన్ననేమో అనుకున్నడు. సాంచాల చెవులు గదా.

"బీము చివర జానెడు ఎందుకు ఇడిసిపెడుతరయ్యా?" అన్నది.

"ఎందుకేందే? అది నేతకు రాదు. కొత్త బీము అచ్చినంక ఆ పోగులకే గదా కొత్త పోగులు అతికేది..."

ఆయన మాట ఆడనే ఆగింది. తలుపు సందుల నుంచి చిన్న చెయ్యి ఒకటి ఇటు వచ్చింది. బొగ్గుదుమ్ముతో నల్లగున్నది. అది నేలను తడిమింది, గాలిని పట్టుకోవాలని చూసింది. వెనుక ఎక్కడో మమత, "ఓ పిల్లా, ఆగే! పాకుడు వచ్చిందో లేదో, అవ్వగారింటికి తొవ్వ పట్టింది!" అని ఉరికొస్తున్నది.

సిద్దిరాములు బోర్ల పండి తన వేలు ఆ చేతికిచ్చిండు. అనసూర్య మూడు కాళ్ల పీట దగ్గరికి గుంజుకున్నది. జర అటు దిక్కు, తలుపు దిక్కు, ఒరిగి కూసున్నది.