బండిలో లోపం లేదు

లారీల అడ్డాలో అతన్ని అందరూ జడ్జిగారు అనేవారు. చదివింది పదో తరగతి, చేసేది లారీల కరెంటు పని. కానీ మీటరు ముల్లు చూసి ఒక మాట అన్నాడంటే దానికిక అప్పీలు లేదు. డ్రైవర్లు చెప్పే కథలంటే అతనికి చెడ్డ చిరాకు. "నువ్వు ఊరుకో, బండిని చెప్పనీ" అనేవాడు. వైరుకు వైరు మెలిపెట్టి, పైన టేపు చుట్టి చేతులు దులుపుకునే మెకానిక్కులంటే ఇంకా మంట. తన అతుకు ప్రతిదీ సోల్డరింగ్ చేసిందే. దాని మీద నల్లటేపు, ఆపైన రెండు చుట్లు ఎర్రటేపు. పనివాడి సంతకమన్నమాట.

అలాంటి మనిషికి సొంత బావమరిది లారీయే పరీక్ష పెట్టింది.

ఆ డీజిల్ లారీ బంగారంలా పరిగెడుతూ పరిగెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. దగ్గడం లేదు, పొగ చిమ్మడం లేదు, ఎవరో తాళం తీసేసినట్టు టక్కున ఆగేది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగని దానిలా మళ్ళీ పలికేది. ఒకసారి రైలు గేటు మధ్యలో ఆగింది. ఇంకోసారి వంతెన ఎక్కుతూ ఆగితే వెనక బస్సువాడు తాతముత్తాతలందరినీ తలుచుకున్నాడు.

"బావా, ఒక్కడినే ఉన్నప్పుడే ఆగుతోంది. పక్కన మనిషుంటే ఆగదు" అన్నాడు బావమరిది.

"దానికేమన్నా సిగ్గా, నలుగురిలో ఆగడానికి?" అన్నాడు జడ్జిగారు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

నవ్వు నవ్వే, పని పనే. అతను వారం రోజులు ఆ బండిని వదల్లేదు. డీజిల్ పంపు మీద ఒక చిన్న కాయిల్ ఉంటుంది. దానికి కరెంటు అందినంతసేపే ఇంజనుకు డీజిల్ అందుతుంది. కాయిల్ మార్చాడు. దానికి కరెంటు కలిపే రిలే మార్చాడు. తాళం స్విచ్చి మార్చాడు. క్యాబిన్‌లో ఎడమవైపు మోకాలు ఆనించి, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, ప్రతి వైరునూ లాగి, ఊపి చూశాడు. మీటరు ముల్లు తొణకలేదు. చివరికి డ్రైవరు పక్క సీట్లో కూర్చుని మూడు రోజులు లోడుతో తిరిగాడు. బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

నాలుగో రోజు పొద్దున టీ తాగుతూ అడ్డా అంతా వినేలా తేల్చేశాడు. "బండిలో లోపం లేదు. మనవాడు కునుకు తీస్తున్నాడు. గేరు తియ్యకుండా బ్రేకు తొక్కుతున్నాడు. ఇంజను ఆగక ఏం చేస్తుంది?"

బావమరిది మొహం మాడిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అతనికి లోడిచ్చే పెంకుల డిపోకు అతనికంటే ముందే ఆ మాట చేరింది. నిద్రమొహం డ్రైవరుకు సరుకు అప్పగించేదెలా అని డిపో యజమాని లోడు వేరేవాళ్ళకిచ్చాడు. ఎనిమిదేళ్ళుగా ఒక్క పెంకు పగలకుండా దించిన మనిషతను.

జడ్జిగారి భార్య బట్టలు కుట్టేది. తమ్ముడి సంగతి ఆమెకు జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ నోటి నుంచి తెలిసింది. మొగుడు భోజనానికి వచ్చేదాకా ఆగింది.

"మావాడు నిద్రపోవడం నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. మీటరు చెప్పింది."

"మీటరు వాడి పక్కన కూర్చుందా?"

జడ్జిగారు ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"రేపు నేను వాడితో వెళ్తాను. నువ్వు మోటారుసైకిల్ మీద వెనకాల రా" అంది ఆమె. అది అడగడంలా లేదు.

మర్నాడు బావమరిది ఇసుక లోడు ఎక్కించుకున్నాడు. ఆమె పక్క సీటెక్కింది. రోజంతా కుట్టుమిషను తొక్కే మనిషి కదా, ఎక్కడ కూర్చున్నా కాళ్ళు పైకి మడిచి పెట్టుకోకపోతే ఆమెకు ఊపిరాడదు. ఊరి చివర గతుకులు దాటగానే చెప్పులు విడిచి సీటు మీద బాసిపట్టు వేసింది. ఇంకో గతుకు వచ్చింది. బండి టక్కున ఆగింది.

వెనకాల మోటారుసైకిల్ మీదున్న జడ్జిగారు బ్రేకు వేశాడు. అంత లారీ నడిరోడ్డు మీద నోరు మూసుకుని నిలబడటం మొదటిసారిగా కళ్ళారా చూశాడు. పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు తీశాడు.

"నేను మేలుకునే ఉన్నాను బావా. అక్కనడుగు" అన్నాడు బావమరిది.

ఆమె దిగబోతూ కాళ్ళు కింద పెట్టింది. తమ్ముడు తాళం తిప్పాడు. ఇంజను మోగింది. ఆమె దిగడం మానేసింది. కాళ్ళు మళ్ళీ పైకి తీసుకుని, "ఆ క్యాబిన్ పట్టుకుని ఒకసారి గట్టిగా ఊపు" అంది మొగుడితో. ఊపాడు. ఇంజను ఆగింది. కాళ్ళు దించింది, తమ్ముడు తాళం తిప్పగానే స్టార్టయింది. నాలుగుసార్లు ఇదే వరస.

"మీటరు లేదు, పాడూ లేదు. నా పాదాలు చెప్తున్నాయి. ఇదిగో, ఇక్కడ కింద ఉంది నీ లోపం" అంది మడమతో నేలను తట్టి.

జడ్జిగారు ఆమె మడమ కిందికి చూశాడు. వారం రోజులు తన మోకాలు ఆనింది అక్కడే. మూడు రోజులు తన బూట్లున్నదీ అక్కడే. రోగం ఆగిపోయేలా అదిమిపట్టి, రోగం లేదని తేల్చింది తనే.

రబ్బరు చాప తీసి, రేకు మరలు విప్పాడు. కింద వైర్ల కట్ట ఉంది. అందులో కాయిల్‌కు వెళ్ళే తెల్లవైరుకు ఒక అతుకు. టేపు ఒక పక్క ఊడి, లోపల రాగి పచ్చగా చిలుం పట్టింది. సోల్డరింగ్ లేదు. ఉత్త మెలి, పైనుంచి రేకు అదిమితేనే కొనలు కలుస్తున్నాయి. దాని మీద నల్లటేపు, ఆపైన రెండు చుట్లు ఎర్రటేపు.

మూడేళ్ళ కిందటి వానాకాలం గుర్తొచ్చింది. సోల్డరింగ్ ఐరన్ కాలిపోయింది, షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి. ఇప్పటికి మెలిపెట్టి, ఆదివారం తీరిగ్గా సరిచేద్దామనుకున్నాడు. ఆ ఆదివారం ఇంకా రాలేదు.

"ఏంటి బావా?"

"ఎలుకలు" అన్నాడు జడ్జిగారు. అతుకు కత్తిరించి జేబులో వేసుకున్నాడు. కొత్త వైరు వేశాడు.

బావమరిది మంచివాడు, అదే వచ్చిన చిక్కు. సాయంత్రానికల్లా అడ్డా అంతా తిరిగి, "ఎలక కొరికిన వైరు నేల కింద దాక్కుంటే మా బావ కాబట్టి పట్టాడు" అని చాటాడు. జడ్జిగారి పేరు ఇంకో మెట్టు ఎక్కింది. ఎవరో స్వీటు డబ్బా కూడా తెచ్చారు. అతను ఒక్క ముక్క నోట పెట్టుకోలేకపోయాడు.

రెండు రోజుల తర్వాత చొక్కా ఉతకబోతూ భార్య జేబు తడిమింది. దొరికినదాన్ని తెచ్చి కుట్టుమిషను బల్ల మీద, అతని ముందు పెట్టింది.

"ఈ ఎలుక ఎర్రటేపు కూడా చుడుతుందా?"

ఆమె సూదిలో దారం ఎక్కించుకుని పని చూసుకుంది. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

మర్నాడు టీకొట్టు దగ్గర అందరూ ఉండగా ఆ అతుకు బావమరిది చేతిలో పెట్టాడు. "ఎలుకలు కాదు. నేనే. నువ్వు నిద్రపోలేదు, నిద్రపోయింది నా పని."

అడ్డా ఘొల్లున నవ్వింది. "జడ్జిగారికి ఎంత పెద్ద మనసండీ! ఎలుకల తప్పు కూడా తన మీదే వేసుకుంటున్నారు" అన్నారెవరో. అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. జడ్జిగారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినకొద్దీ వాళ్ళ దృష్టిలో ఇంకా గొప్పవాడయ్యాడు.

బావమరిది మాత్రం నవ్వలేదు. ఎర్రటేపును గోటితో గీకి చూశాడు.

"తప్పు అందరూ చేస్తారు బావా. నా మాట వినలేదు చూడు, అదీ నాకు" అన్నాడు. మాట పూర్తిచెయ్యలేదు. అతుకును బల్ల మీద పెట్టి అడిగాడు. "ఆ వానల్లో ఇంకెన్ని బండ్లకు ఇలా వేశావు?"

జడ్జిగారు వేళ్ళు మడిచాడు. తొమ్మిది.

ముందు ఇద్దరూ కలిసి పెంకుల డిపోకు వెళ్ళారు. యజమాని ఎదుట జడ్జిగారు తల దించుకుని నిజం చెప్పాడు. లోడు తిరిగొచ్చింది. తర్వాత తొమ్మిదిమందికీ ఫోన్లు చేశాడు. "మీ బండికి లోపముంది, తీసుకురండి. ఊరికే చేసిస్తాను."

"బండి గుర్రంలా ఉంది జడ్జిగారూ. లేని రోగం అంటగట్టకండి" అన్నారు వాళ్ళు. ఊరికే చేస్తాననడం మరీ అనుమానంగా తోచింది.

బావమరిది వెళ్ళి రైలు గేటు సంగతి పూసగుచ్చినట్టు చెప్తే గానీ ఒక్కొక్కరు కదల్లేదు. నెల తిరిగేసరికి ఎనిమిది బండ్ల రేకులు విప్పారు. అయిదింటికి రాగి పచ్చబడింది.

తొమ్మిదో అతను రానే లేదు. రోజూ పొద్దున్నే షెడ్డు ముందు నుంచి వెళ్తూ కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. "ఏమీ లేదండీ, చూడండి!" అని అరుస్తాడు. జడ్జిగారు చేతిలో పని ఆపి, ఆ లారీ మలుపు తిరిగి, దాని చప్పుడు కూడా వినబడకుండా పోయేదాకా నిలబడతాడు.