ఆరని అక్షరం

శుక్రవారం పొద్దున్నే మాలిని వాకిలి కడిగి, బకెట్లో మిగిలిన నీళ్ళలో కుంచె ముంచి, గచ్చు మీద ఒక చైనా అక్షరం రాసేది. పన్నెండేళ్ళ తన్మయి నిద్రమొహంతోనే వచ్చి గడప మీద కూర్చునేది.

"ఇదేంటి?" అని అడిగేది మాలిని.

"నోరు."

"సరే, దాని పేరు పలుకు."

"కౌ" అనగానే నీటి అక్షరం ఆరిపోయేది. పలక్కపోతే ఆరేది కాదు. గల్ఫ్‌లోని ఆ అల్ వక్రా ఎండకి తడి తువ్వాలు పది నిమిషాల్లో అప్పడంలా బిగుసుకుపోతుంది కానీ, ఎవరి కోసం రాశారో వాళ్ళు చదివేదాకా ఆ అక్షరాలు తడితడిగా అలాగే ఉండేవి. పక్కింటి తహెరున్నీసా కరివేపాకు కోసం వస్తే సల్వారు కాస్త పైకెత్తి వాటిని దాటేది. "పిల్లకి ఇయ్యాల సబక్ రాలేదా ఏంది?" అని పాఠం సంగతి అడిగేసి, నాలుగు రెబ్బలు తుంపుకుని వెళ్ళేది.

మాలిని అసలు పేరు మేలిన్. విశాఖపట్నంలో స్థిరపడిన ఒక చైనా పళ్ళ డాక్టరు కూతురు. బళ్ళో టీచరు నోరు తిరక్క మాలిని అని రాసుకుంటే అదే నిలిచిపోయింది. ఆమెది అచ్చమైన వైజాగ్ తెలుగు. చైనా భాష మాత్రం ముప్పై ఎనిమిది అక్షరాల మేరకే వచ్చు. తొంభై ఆరు మే నెలలో అవీ అయిపోయాయి.

"నాకొచ్చినవి ఇంతేనే" అంది.

"తాతయ్య ఇంకా నేర్పలేదా?"

"నేర్పుతుండగానే పోలీసు జీపొచ్చింది. అప్పుడు నాకారేళ్ళు. చైనాతో యుద్ధమని, రాజస్థాన్‌లో ఏదో క్యాంపుకి తీసుకెళ్ళారు. ఆ పొద్దున ఒకటి రాశాడు. అదేంటో చెప్పకుండానే జీపెక్కాడు. మళ్ళీ రాలేదు."

"అది రాయమ్మా."

మాలిని రాసింది. పది గీతలు. కింది సగం పొలమని ఇద్దరికీ తెలుసు. పై సగం ఎవరికీ తెలీదు. అక్షరం ఆరలేదు. నెలంతా పిచ్చుకలు వచ్చి తాగిపోయినా చుక్క తగ్గలేదు.

ఆ నెలంతా ఇంట్లో ఇంకో మాట నలుగుతోంది. తన్మయిని ఎనిమిదో తరగతికి విజయవాడ హాస్టల్లో చేర్చాలని తండ్రి నిరంజన్ పట్టుదల. జూన్ పదికి టికెట్టు కూడా తీసేశాడు. తన్మయి ఏడ్చింది, బతిమాలింది. మాలిని అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఎవరైనా వెళ్ళిపోతుంటే ఆమెకి మాట పెగలదు. చిన్నప్పటి నుంచీ అంతే.

నిరంజన్ పనిచేసే నీళ్ళ ప్లాంటులో పంపులు బిగించడానికి చైనా నుంచి షూ అనే ఇంజనీరు వచ్చాడు. ఒక శుక్రవారం నిరంజన్ ఆయన్ని భోజనానికి తీసుకొచ్చాడు. వాకిట్లో ఆ అక్షరం కనబడగానే షూ బూట్లు విప్పి, దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. అది తన తండ్రి జీపెక్కేముందు తనకి రాసిందనీ, ఎవరూ చదవక ఆరలేదనీ మాలిని చెప్పింది.

"లియూ" అని చదివాడు. నీళ్ళు కదల్లేదు. మాలిని వైపు తిరిగి, "ఇది మీకు రాసింది. మీరే చదవాలి" అన్నాడు ఇంగ్లీషులో.

"అంటే ఏంటండీ?"

"ఉండిపో అని." మళ్ళీ తనే అన్నాడు, "వెళ్ళేవాళ్ళని ఆపు, అట్టిపెట్టుకో అని కూడా. రెండింటికీ ఇదే అక్షరం."

"మా నాన్న నాకేమని రాసినట్టు?"

షూ తల అడ్డంగా ఊపాడు. అది ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది?

మాలిని గచ్చు మీద చతికిలబడింది. "నన్ను ఆపవే అన్నాడేమో. నేను గేటు పట్టుకుని ఒక్క మాటైనా అనకుండా నిలబడ్డాను."

తన్మయి వచ్చి ఆనుకుని కూర్చుంది. "అంత చిన్నపిల్లవి, నువ్వు ఆపితే మాత్రం ఆగనిచ్చేవారా అమ్మా?"

మాలిని ఆ నీటి మీదకి వంగింది. తర్వాత గొంతు సవరించుకుని, "లియూ" అంది. ముందు పొలం ఆరింది, తర్వాత మిగతాదీ ఆరింది. పొడి గచ్చు మిగిలింది. అప్పుడామె కూతురి మణికట్టు పట్టుకుని లేచింది.

"ఏవండీ, దీన్ని నేను పంపించను."

"టికెట్టు కూడా తీసేశాక ఇప్పుడా మాలినీ..."

"పంపించను."

పెళ్ళైన పద్నాలుగేళ్ళలో ఆ గొంతు నిరంజన్ ఎప్పుడూ వినలేదు. భార్య వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. "రేపు ట్రావెల్స్ వాడికి ఫోన్ చేస్తాలే" అని నెమ్మదిగా అని, లోపలికెళ్ళి విస్తళ్ళు వేయసాగాడు.

మాలిని పప్పు వడ్డిస్తూ షూని అడిగింది.

"వచ్చే శుక్రవారం మీకు ఖాళీయేనా అండీ? మేమిద్దరం నేర్చుకోవాలి."