గాలి చొరబడని కూటమి

సుధాకరరావుగారు మా విల్లాలో ఉన్నన్నాళ్ళూ ప్రపంచానికి దిగులు లేదు. ఏ దేశం ఎవరి పక్కన నిలబడాలో, ఏ సైన్యం ఎటునుంచి దిగాలో అన్నీ ఆయనే హాల్లో సోఫా మీద తేల్చేసేవారు. ఉద్యోగం మాత్రం ఒక కంపెనీలో అకౌంట్స్ మేనేజరు. గోడకు గల్ఫ్ పటం, దాని నిండా గుండుసూదులు. మేమున్న గల్ఫ్ ఊళ్ళో, ఓల్డ్ ఎయిర్‌పోర్టు అనే పేటలో ఆ విల్లా. ముందు భాగం ఆయనదీ, భార్య లలితకుమారిగారిదీ. వెనక గది మాది, అంటే నాదీ, మా ఆయన రఫీదీ. వంటిల్లు రెండు కాపురాలకూ ఒకటే.

వాళ్ళింట్లో పని చేసే రామసుబ్బమ్మ రాయచోటి వైపు మనిషి, యాభై దాటింది. వంటింటి పక్కన కిటికీ లేని స్టోరు రూములో పడుకునేది. ఒక చాప, ఒక ట్రంకుపెట్టె, తలుపుకు లోపల ఒక బోల్టు, అంతే ఆమె ఆస్తి. ఆ బోల్టంటే ఆమెకు ప్రాణం.

"ముందు పనిజేసిన ఇంట్లో వసారాలో పండుకుంటాంటి పాపా. వచ్చేటోళ్ళు, పొయ్యేటోళ్ళు. ఒక్కనాడూ కంటినిండా నిద్ర లేదు. ఈడ బోల్టు ఏసుకుంటే నా అంత మారాణి ల్యాదు," అని నవ్వేది నాతో.

ఇరాక్ కువైట్‌ను మింగిన దగ్గర్నుంచి సుధాకరరావుగారికి పూనకమే. "బలమున్నవాడు పక్కవాడి గోడ దూకి ఇది నాదంటే లోకం ఊరుకోవాలా? ఊరుకుంటే రేపు ఎవడికీ ఇల్లంటూ మిగలదు," అని పొద్దున రేడియో ముందూ, సాయంత్రం స్నేహితుల ముందూ అనేవారు. మాట బంగారం లాంటిది. రామసుబ్బమ్మ కాఫీ గ్లాసులు అందిస్తూ విని, నిజమే అన్నట్టు తల ఊపేది.

జనవరిలో యుద్ధం మొదలైంది. మిత్రదేశాల విమానాలు మా మిద్దె మీదుగానే లేచిపోయేవి. ఆ శుక్రవారం సుధాకరరావుగారు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, మన విల్లా కూడా ఒక కూటమి కావాలన్నారు. "ఒకరి మీద పడితే అందరి మీదా పడ్డట్టే. ఉన్నది కలిపి పెట్టుకుందాం, కలిసి దాక్కుందాం." సరేనని రఫీ కంపెనీ పికప్‌లో మా బియ్యం బస్తా, నీళ్ళ క్యాన్లు తెచ్చి పడేశాడు. గ్యాసు బాంబు పడితే దాక్కోవడానికి గాలి చొరబడని గది కావాలి. ఇల్లంతా వెదికి, కిటికీ లేని గది అదొక్కటేనని ఆయన స్టోరు రూము వైపు వేలు చూపించారు.

ఆ సాయంత్రానికల్లా రామసుబ్బమ్మ చాపా పెట్టే వంటింట్లోకి వచ్చిపడ్డాయి. ఆమెను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. "యుద్ధం అయ్యేదాకానే," అన్నారు ఆయన, తలుపు సందులకు టేపు అంటించమని ఆమె చేతికే ఇస్తూ. ఆమె కూర్చుని అంటించింది.

తర్వాత లలితకుమారిగారు రక్షణకని దేవుడి పటాలన్నీ అందులో చేర్చారు. దేవుళ్ళు వచ్చాక మడి రాకుండా ఉంటుందా? మాంసం తిన్నవాళ్ళు ఆ గడప దాటకూడదన్నారు. మా ఇంట్లో శుక్రవారం బిర్యానీ ఉంటుంది కనక నేనూ రఫీ కూటమి బయట పడ్డాం. బియ్యం మాత్రం లోపలే ఉంది, దానికి మడి అడ్డం రాలేదు. నా బిర్యానీ ఇష్టంగా తింటుంది కాబట్టి రామసుబ్బమ్మకూ చోటు పోయింది. చివరికి కూటమిలో మొగుడూ పెళ్ళాం మిగిలారు. చెప్పేవి శ్రీరంగనీతులు.

వంటింట్లో ఆమెకు నిద్ర లేదు. రేడియో వినడానికి వచ్చిన మగవాళ్ళు మంచినీళ్ళకని ఆమెను దాటుకుంటూ తిరిగేవారు. "గ్లాసు చప్పుడైతే లేసి కూచుంటాండా పాపా. పైట సరిగుందో లేదోనని సూసుకునేదే సరిపోతాంది," అంది ఒకరోజు. నాకు ఒళ్ళు మండింది. నేరుగా హాల్లోకి వెళ్ళి ఆమె గది ఆమెకు ఇచ్చెయ్యమన్నాను.

"అమ్మా నస్రీన్, ఇది యుద్ధకాలం. అందరూ చిన్న చిన్న త్యాగాలు చెయ్యాలి."

"మీరేం చేశారు సార్?"

ఆయన రేడియో గొంతు పెంచారు.

మరో శుక్రవారం. రఫీ నమాజుకు వెళ్ళాడు. నేను పొయ్యి దగ్గరున్నాను, రామసుబ్బమ్మ పచ్చడి నూరుతోంది. ఉన్నట్టుండి నెత్తిన పిడుగు పడ్డట్టు చప్పుడైంది. గిన్నెలు అదిరాయి. నేను పెరట్లోకి పరిగెత్తి చూస్తే, బాగా కిందుగా రెండు విమానాలు సముద్రం వైపు పోతున్నాయి. రోజూ పోయే మిత్రదేశాలవే. అది చెబుదామని లోపలికి వచ్చేసరికి కూటమి కూటమంతా స్టోరు రూములో దూరి బోల్టు వేసుకుంది. లోపల్నుంచి టేపు చించి అంటిస్తున్న చప్పుడు వినిపించింది. మమ్మల్ని ఒక్క కేక వేసింది లేదు.

"సార్, మనవాళ్ళ విమానాలే," అని అరిచాను.

"తలుపు తియ్యం. ఎవరడిగినా తియ్యం," అన్నారు లోపల్నుంచి.

సరే, కూర్చోమని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. కాసేపటికి లోపల దగ్గు మొదలైంది. ఆ తర్వాత లలితకుమారిగారి ఏడుపు. "గ్యాసు! గ్యాసు వచ్చేసింది!" అని ఆయన గొంతు చీరుకుపోయేలా కేకలు. సంగతేమిటంటే, ఆవిడ దేవుళ్ళ ముందు నిప్పులు రాజేసి గుప్పెడు సాంబ్రాణి వేశారు. చీమ దూరే సందు లేకుండా టేపు వేసిన గదిలో ఆ పొగ ఎక్కడికి పోతుంది? ఆయన కంగారులో బోల్టు మీద కూడా పొరలు పొరలుగా టేపు చుట్టేశారు. ఇప్పుడు పొగలో అది చేతికి ఊడి రావడం లేదు.

రామసుబ్బమ్మ పచ్చడి రాయి ఎత్తుకుని వచ్చింది. ఒక్క క్షణం తలుపు వంక చూసింది. తన బోల్టు ఎక్కడుందో ఆమెకు చూడక్కర్లేదు. సరిగ్గా అక్కడే మోదింది. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో చెక్క చీలి బోల్టు ఊడి లోపల పడింది.

మొగుడూ పెళ్ళాం పాకుతూ బయటికి వచ్చారు. కళ్ళూ ముక్కూ కారుతుంటే సుధాకరరావుగారు మొదట అన్న మాట ఇదీ: "తలుపు ముయ్యండి, బయటి గ్యాసు లోపలికి పోతుంది."

"అది సాంబ్రాణి సారూ," అంది రామసుబ్బమ్మ. ఆయన మీద నాకు జాలి వెయ్యలేదు. వెయ్యాల్సిందేమో, వెయ్యలేదు.

ఫిబ్రవరి నెలాఖరుకు కువైట్ విడుదలైందని వార్త వచ్చింది. హాలు నిండా జనం, పళ్ళెం నిండా లడ్లు. ఆ లడ్లూ రామసుబ్బమ్మ చుట్టినవే. "చూశారా! ఎవడిది వాడికి దక్కింది. న్యాయమంటే అది. కూటమి అంటే అది," అని సుధాకరరావుగారు పటంలోంచి ఒక్కొక్క సూదీ పీకుతున్నారు.

రామసుబ్బమ్మ పళ్ళెం బల్ల మీద పెట్టింది. "యుద్ధం అయిపాయె గదా సారూ. మరి నా గది?"

హాల్లో కాస్త నవ్వు లేచి ఆగిపోయింది. "ఇప్పుడెలా కుదురుతుంది? అక్కడ దేవుళ్ళు స్థిరపడ్డారు. వాళ్ళని కదిలించకూడదు," అన్నారు ఆయన. "అయినా ఆ తలుపుకు ఇప్పుడు బోల్టు కూడా లేదు కదా."

ఆ చివరి మాటకు ఆమె ముఖం మారింది. కోపమూ కాదు, ఏడుపూ కాదు. నేరుగా స్టోరు రూములోకి వెళ్ళింది. చెంగు భుజాన కప్పుకుని, కళ్ళకద్దుకుని, ఒక్కొక్క పటమే తెచ్చి రేడియో చుట్టూ నిలబెట్టింది.

"దేవుళ్ళకు ఈడనే బాగుంటాది సారూ. ఏసీ ఉండాది. రోజూ నువ్వు సెప్పే న్యాయం వాళ్ళూ ఇంటారు," అంది.

ఆయన పటం ముందునుంచి ఇటు తిరిగారు. చేతిలో కువైట్ సూది, చుట్టూ స్నేహితులు, ఎదురుగా దేవుళ్ళు. ఆ సూదిని మళ్ళీ పటంలోనే గుచ్చారు.

నేను వెనక గదిలోకి వెళ్ళి రఫీని లేపాను. బజారు నుంచి కొత్త బోల్టు తెచ్చి, చీలిన చెక్క మీద రేకు కొట్టి బిగించాడు. లోపల మిగిలిన మా బియ్యం బస్తా నేనే ఈడ్చుకొచ్చాను. రామసుబ్బమ్మ గది ఊడ్చి, చాప పరుచుకుంది.

హాల్లో ఇంకా రేడియో మాట్లాడుతూనే ఉంది. పట్టపగలే ఆమె తలుపు మూసుకుని బోల్టు వేసుకుంది. సాయంత్రం సుధాకరరావుగారు కాఫీ కోసం రెండుసార్లు పిలిచారు. ఆమె నిద్రపోతోంది.