అమ్మవారి తొలిచూపు

తన కొడుకు కొండలును దుర్గి శిల్పి వీరాచారి ఊరికే పనిలో పెట్టుకున్నాడంటే ఆదెయ్యకు ఏడాదైనా మింగుడుపడలేదు. ఊరికే ఎవడూ ఏదీ చెయ్యడని దాచేపల్లి రాళ్ళ గనిలో నడుం వంగిన మనిషికి ఒకరు చెప్పాలా?

కొండలు పుట్టు చెవిటివాడు. మాట కూడా లేదు. యుద్ధం రోజుల్లో కూలీలు దొరక్క అల్లాడుతున్నా, ఈడొచ్చిన ఆ పిల్లాణ్ని గని మేస్త్రీ పనిలోకి రానివ్వలేదు.

"తోటా పేలుస్తన్నాం, తప్పుకోండెహె అని అరిస్తే ఈడికి ఇనపడుద్దా? చస్తే నా మెడకి చుట్టుకుంటది" అన్నాడు.

అలాంటివాణ్ని, రాయి ఎంచుకోవడానికి గనికి వచ్చిన ఆచారి అడిగి మరీ తీసుకుపోయాడు. సొంతవాళ్ళకే గుట్టు విప్పని శిల్పులు పరాయి చెవిటివాడికి విద్య చెబుతారా?

"బువ్వ పడేసి గొడ్డుచాకిరీ చేయించుకుంటన్నాడే" అని ఆదెయ్య రోజూ గొణిగేవాడు.

"ఇక్కడుంటే నువ్వేం ఒరగబెట్టేవాడివి? తిరణాలకొచ్చినప్పుడు పిల్లోడు కుదురుగానే ఉన్నాడు. కుదురు లేంది నీకే" అనేది పెళ్ళాం రోశమ్మ.

ఒకనాడు దుర్గికి రాళ్ళు తోలే పీర్ సాహెబ్ బండి ఆపాడు.

"ఆదెయ్య మావా, రేపు పొద్దున ఆచారి కొట్టంలో అమ్మవారికి కళ్ళు తెరుస్తన్నారు. అప్పుడు ఎదురుగా పిట్టని కూడా ఉండనియ్యరంట. తొలిచూపు పడితే మనిషి మాడిపోతాడంట. అందుకే అద్దం అడ్డం పెడతారు."

"అయితే నాకేంది?"

"మీవోడు ఎదురుగానే కూర్చుంటాడంట. ఆచారే అన్నాడు."

ఏడాదిగా విడని ముడి ఆదెయ్యకు అక్కడ విడింది. ఆ చూపు మొయ్యడానికి ఒక మనిషి కావాలి. నోరులేనివాడైతే మొత్తుకోడు. కూలివాడి కొడుకైతే పోయినా అడిగే దిక్కుండదు. ఇందుకా తీసుకుపోయింది! రోశమ్మకు కూడా చెప్పకుండా అదే బండెక్కాడు.

తెల్లారాక కొట్టం తలుపు సందులోంచి చూశాడు. నడుమెత్తు నల్లరాతి అమ్మవారు. మిగతా పనివాళ్ళంతా గోడవారగా, మొహాలు తిప్పుకుని ఉన్నారు. కొండలు ఒక్కడే విగ్రహానికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆచారి వెనక వంగి వాడి భుజం మీద చెయ్యేశాడు. లేచి పారిపోకుండా అదిమి పట్టినట్టే ఉంది. అద్దమేమో పక్కన బోర్లించి ఉంది.

"ఒరేయ్ ఆచారీ!"

ఆ కేకకు అందరూ అదిరిపడ్డారు. కొండలు మాత్రం కదల్లేదు. ఆదెయ్య దూకి వాణ్ని రెక్కపట్టి గుంజాడు. టక్కుమని చిన్న చప్పుడు. వాడి చేతిలో ఉలి ఉందని ఆదెయ్య అప్పుడు చూశాడు. అమ్మవారి ఎడమకంటి రెప్ప పెచ్చు లేచిపోయింది.

"ఎంత పని చేశావయ్యా!" అన్నాడు ఆచారి.

"నా కొడుకుని చూపుకి బలిస్తావా?"

"ఉలితో అమ్మకి కళ్ళు తెరిచేవాడు ఎదురుగా కూర్చోక ఈపు ఎనక కూర్చుంటాడా? ఆఖరి దెబ్బకి అద్దం నేనే అడ్డం పెట్టేవాణ్ణి. నా చూపు మసకేసింది. ఇంత నిలకడ చెయ్యి మావోళ్ళలో లేదు. అందరితో తగూ పడి ఆ ఉలి ఈడికిచ్చా."

ఆదెయ్య ఆ ముఖంలో అబద్ధం కోసం వెతికాడు. దొరకలేదు.

"మళ్ళా... సరిచెయ్యరాదా?"

"కన్ను చెడిన అమ్మకి పూజుండదు. నీళ్ళలో కలపాల్సిందే. ఇంక మావోళ్ళు ఈణ్ని కంటిపనికి రానిస్తారో లేదో."

కొండలు ఆ పెచ్చు ఊడినచోట వేలితో తడిమాడు. తండ్రి వైపు చూడలేదు. లేచి మూలనున్న మొద్దురాయి దగ్గరికి పోయి, ఇటు వీపు పెట్టి కూర్చుని, సుత్తి అందుకున్నాడు.

"కొండలూ" అని పిలిచాడు ఆదెయ్య.

వెనకనుంచి ఎంత పిలిచినా వినపడదని కన్నవాడికి తెలియదా? వాడితో ఏదైనా చెప్పుకోవాలంటే చుట్టూ తిరిగిపోయి ఎదురుగా నిలబడాలి. వాడు తలెత్తి చూడాలి.

ఆదెయ్య ఉన్నచోటనే నిలబడి మళ్ళీ పిలిచాడు.