పక్కసీటు ఉద్యోగం

ఫోను పట్టుకుని దారి చెప్పడం కూడా ఉద్యోగమే కదా, జీతం లేదు, సెలవు లేదు, మెడనొప్పి మాత్రం నెలనెలా ఠంచనుగా వస్తుంది, అనుకుంది ఆమె, షోరూమ్‌లో కొత్త కారు పక్కసీటులో కూర్చుని, తలుపు తెరిచే ఉంది, లోపలంతా ప్లాస్టిక్ కవర్లు విప్పని సీట్ల వాసన, స్టీరింగ్ పక్కన పిల్లల పలకంత తెర ఒకటి వెలుగుతోంది, అందులో వీధులన్నీ తెల్లదారాల్లా పరుచుకున్నాయి, మధ్యలో నీలం గీత, ఆ గీతని వేలితో చూపిస్తూ సేల్స్‌మన్ చెప్పుకుపోతున్నాడు, ఇది బండితో పాటే వస్తుంది మేడమ్, సిగ్నల్ లేని చోట కూడా దారి చూపిస్తుంది, చార్జింగ్ అయిపోతుందన్న బెంగ లేదు, మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే మ్యాపు మాయమైపోయే గొడవ లేదు, మీరు హాయిగా కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు, ఆ హాయిగా అన్న మాట దగ్గర ఆమె మనసు ఆగిపోయింది, ఎన్నాళ్ళయిందో కిటికీలోంచి చూసి, ఏ ఊరెళ్ళినా ఆమె చూసింది ఒళ్ళో ఫోనే, సముద్రం పక్కనుంచి పోతున్నా ఫోనులో నీలం రంగే, తెర ఉన్నదే తీసుకుందామండీ అంది, ఆయన డ్రైవర్ వైపు తలుపు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఎందుకే, ఫోనుందిగా, ఫోనులో దారులు ఏ రోజుకారోజు మారుతుంటాయి, ఇందులో మ్యాపు పాతబడితే మళ్ళీ వీళ్ళ గుమ్మమే తొక్కాలి, అయినా నువ్వు చదివి చెప్తుంటే మనకి ఈ తెరెందుకు, అన్నాడు, అన్నది ఆమెతోనే గాని చూసింది ఆమెని కాదు, ఆమె చెవి పక్కన వేలాడుతున్న సీటుబెల్టుని.

అదీ సంగతి, చెవి పక్కన, ఏడాది పైనుంచీ ఇదే వరస, అన్నం వడ్డిస్తుంటే భుజం అవతలికి చూస్తాడు, మాట్లాడుతుంటే చెవి పక్కకి చూస్తాడు, మొదట్లో కమ్మలకి ఏమైనా అంటుకుందేమోనని తడుముకుంది, తర్వాత వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూసింది, గోడ తప్ప ఏముంటుంది, కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఎన్నాళ్ళో ఎదురుగా తిరిగినా బాగుందనీ లేదు బాగాలేదనీ లేదు, పోనీలే, ఇన్నేళ్ళ కాపురమయ్యాక పెళ్ళాం కంటికి ఆనదంటారు, లోకంలో ఉన్నదేగా అని నవ్వుకుంది గాని ఆ నవ్వు లోపలికి దిగలేదు, ఎందుకంటే ఆయన చూపు అలాంటిది కాదు, గడియారాలు బాగుచేసేవాడి చూపు, పెళ్ళికి ముందు ఆమె నాన్న గడియారం పట్టుకుని ఆ షాపుకి వెళ్తే, కంటికి తగిలించుకున్న భూతద్దాన్ని నుదుటి మీదికి తోసి, ఆమెని సూటిగా చూసి, దీనికి ఏ జబ్బూ లేదండీ, కీ ఇవ్వడం మరిచారంతే అన్నాడు, వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళింది, ఆసారి కావాలనే మరిచింది, నాన్నకి తెలిసే ఉంటుంది, నా గడియారం ఎప్పుడూ ఆ షాపులోనే ఉంటోంది, నేను టైము ఎవర్ని అడగాలే అనేవాడు, అలాంటి చూపున్న మనిషి కిందటేడు షాపు మూసేశాడు, ఎవడు పెట్టుకుంటున్నాడే గడియారాలు, ఈ ఫోను మా పొట్ట కొట్టింది అని తిట్టుకుంటూ తాళం వేశాడు, ఇప్పుడు అదే మనిషి అదే ఫోనుని నెత్తిన పెట్టుకుంటున్నాడు, ఇందులో ఏదో తిరకాసుంది, ఆమె మందుల షాపులో పనిచేస్తుంది, డాక్టర్ల కోడిగీతలన్నీ ఇట్టే చదివేస్తుంది, ఈయన్ని మాత్రం చదవలేకపోతోంది.

మొన్న చెల్లెలి కొత్త ఇంటికి పోతున్నప్పుడూ అంతే, దారి మధ్యలో మందుల షాపు నుంచి ఫోనొచ్చింది, మ్యాపు పోయింది, ఆమె ఏ మాత్ర ఏ అరలో ఉందో చెప్తుండగానే ఆయన మలుపు దాటేసి తిన్నగా పోయాడు, మలుపు దగ్గర ఏనుగంత బోర్డు, వీధి పేరు బాణం గుర్తుతో సహా ఉంది, బోర్డు కనపడలేదా అంటే, బోర్డులు చూడ్డానికి నువ్వున్నావుగా అన్నాడు, ఆ దర్జాకి ఆమెకి ఒళ్ళు మండింది, చెల్లెలి ఇంట్లో కాఫీ తాగుతూ ఆ మాటే చెప్పి అందరినీ నవ్వించింది, మా ఆయనకి కళ్ళు నా దగ్గర అద్దెకున్నాయే అంది, ఆయనా నవ్వాడు, కప్పు సాసర్లో పెట్టబోయి అంచు మీద పెట్టాడు, కాఫీ ఒలికింది, అందరూ దానికీ నవ్వారు, ఇంట్లో కూతురేమో నీకేం తక్కువమ్మా, నాన్న నువ్వు లేందే అడుగు వేయడు అంటుంది, మనవరాలు వాళ్ళ తాతయ్యని ఇంకో రకంగా వెనకేసుకొస్తుంది, రోజూ పొద్దున్న దాన్ని బడికి దింపేది ఆయనే, దారిపొడుగునా బోర్డుల ఆట ఆడతారట, తాతయ్య ఇదేం బోర్డు అని అడుగుతాడు, అది చదువుతుంది, ఒకటో తరగతిలో ఇంత బాగా చదివే పిల్లని చూడలేదని టీచరు మెచ్చుకుంది, ఇల్లంతా ఆ గొప్ప తాతయ్యకే కట్టబెట్టింది, షాపు మూశాక ఆయన మొహంలో వెలుగు చూసింది ఆ పూటే, బండి తాళం చెవి మేకు నుంచి తీసుకునేటప్పుడు ఆయన నిటారుగా నిలబడతాడు, షాపు తీసే రోజుల్లో నిలబడ్డట్టు, ఆ తాళం చెవి కూడా లేకపోతే మనిషి ఏమైపోతాడో అనుకుంది చాలాసార్లు, అందుకే పాత బండి మొరాయిస్తోంది, మార్చేద్దాం పదండి అని ఈ షోరూమ్‌కి లాక్కొచ్చింది ఆమే.

ఒక చుట్టు వేసి వద్దాం సార్ అన్నాడు సేల్స్‌మన్, బయట నిలిపిన ఇలాంటిదే ఇంకో బండి దగ్గరికి ఇద్దర్నీ తీసుకెళ్ళి, తను ముందు సీటులో కూర్చోబోయాడు, అబ్బే, అక్కడ మా ఆవిడ ఉండాలయ్యా, లేకపోతే నాకు బండి నడవదు అన్నాడు ఆయన, సేల్స్‌మన్ ముసిముసిగా నవ్వి వెనక సీటులో సర్దుకుని, ముందుకి వంగి తెర మీద ఏదో నొక్కి, దారి చెప్పే గొంతు ఆపేస్తున్నాను సార్, మ్యాపు ఎంత స్పష్టంగా ఉందో మీరే చూడండి అన్నాడు, బండి రోడ్డెక్కింది, ఆమెకి చిన్న పంతం పుట్టింది, ఇవాళ నోరు విప్పను, తెర ఉంది, ఆయన ఉన్నాడు, మధ్యలో నేనెందుకు అని ఫోను సంచిలో పడేసి కిటికీ వైపు తిరిగింది, చెప్పులు కుట్టించుకుంటూ ఒంటికాలి మీద నిలబడ్డ ఆఫీసరు, బట్టలు ఆరేసిన బాల్కనీ, ఎంత బాగుందో ఊరు, ఇప్పుడెటే అన్నాడు ఆయన, ఆమె పలకలేదు, తెర మీద ఉంది కదా సార్ అన్నాడు వెనకనుంచి సేల్స్‌మన్, ఆఁ ఆఁ, చూస్తున్నా అన్నాడు ఆయన, అని తిన్నగా పోయాడు, నీలం గీత పక్కకి తిరిగి ఉంది, దాని మీద బాణం ఆమె అరచేయంత ఉంది, పర్లేదు సార్, అదే కొత్త దారి వేసుకుంటుంది, అలవాటు పడాలి అంతే, అన్నాడు సేల్స్‌మన్ మర్యాదగా, ఆమె తల తిప్పి ఆయన్ని చూసింది, చూస్తున్నా అన్న మనిషి తెర వైపు తిరిగాడు నిజమే, కాని చూపు తెర మీద లేదు, తెర పక్కన చల్లగాలి వచ్చే జాలీ మీద ఉంది, చెవి పక్కన ఉన్నట్టే.

నోరు విప్పనన్న పంతం అప్పుడే గుర్తొచ్చి అప్పుడే మరుపున పడింది, ఎదురుగా తెల్లచారల మీద రంగులు వేసేవాడు ఒకడు రోడ్డు దాటుతున్నాడు, భుజం మీద పొడుగాటి నిచ్చెన, నిచ్చెనకి అటొక డబ్బా ఇటొక డబ్బా, తీరిగ్గా నడుస్తున్నాడు, బండి తగ్గలేదు, తగ్గుతుందిలే అనుకుంది, తగ్గలేదు, ఆపండి అంది ఆమె, గట్టిగా కూడా కాదు, ఆయన కాలు బ్రేకు మీద పడింది, బండి కుదుపుతో ఆగింది, వెనక సేల్స్‌మన్ ముందు సీటుకి గుద్దుకున్నాడు, రంగులవాడు మాత్రం ఆగి, బండినీ ఆయన్నీ ఒకసారి చూసి, కళ్ళు నెత్తికెక్కాయా అనేసి పోయాడు, డబ్బాలు ఊగుతూ పోయాయి, ఆయన స్టీరింగ్ వదల్లేదు, నిచ్చెన కొసలు కనపడ్డాయే, అటూ ఇటూ, మధ్యలో మనిషి కనపడలేదు, అన్నాడు, చాలా నెమ్మదిగా, ఆమెకి మాత్రమే వినపడేలా, అన్నాక తన నోటినుంచి ఏం జారిందో తెలిసినట్టు పెదవి కొరుక్కున్నాడు.

పక్కకి తీసి ఆపండి అంది, ఆపాడు, ఆమె అలాగే కూర్చుంది, బుర్రలో మాత్రం ఏదీ కూర్చోలేదు, అన్నీ లేచి తిరుగుతున్నాయి, ఏనుగంత బోర్డు, ఒలికిన కాఫీ, మాత్రల సీసా చేతికిచ్చి నువ్వు చదివితేనే నాకు నమ్మకమే మందులమ్మా అనడం, ఎప్పుడూ ఏదో ఒక బండి తోక పట్టుకుని దాని వెనకే నిదానంగా పోవడం, ముందు బండి కదిలితేగాని సిగ్నల్ దగ్గర కదలకపోవడం, షాపు, అయ్యో ఆ షాపు, ఫోను పొట్ట కొట్టలేదు, గోరులో సగం లేని మరలు కంటికి అందక మూసుకున్నాడు, ఎవరికీ చెప్పకుండా, చదవాల్సినవన్నీ ఆమె ఒళ్ళోకి తోసేసి, తెర అయితే ఆయనే చదవాలి, ఫోను అయితే పక్కసీటుకి అందించవచ్చు, అంతే, ఆ నీలం గీతకీ ఈ నీలం గీతకీ ఆయనకున్న తేడా అంతే, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఆమె కారణాల కోసం ఎక్కడెక్కడో వెతికింది, జాలి వచ్చింది, జాలి వెనకే కోపం వచ్చింది, పిచ్చి కోపం, బోర్డుల ఆట గుర్తొచ్చి, ప్రతి పొద్దునా పసిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, దాని కళ్ళతో బండి నడిపాడు ఈ మనిషి, ఆటనుకుని అది చదివింది, గొప్పనుకుని ఇల్లంతా మురిసింది, దానికి ఏదైనా అయి ఉంటే, ఆ రంగులవాడి ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో, దానికి ఏమైనా అయి ఉంటే నేను ఈయన్ని క్షమించేదాన్నా, క్షమించేదాన్ని కాదు, అని లోపల ఎవరో ఖచ్చితంగా చెప్పారు, ఆ చెప్పింది తనే, అయితే తాళం చెవి తీసుకోవాలి, ఇవాళే, ఇప్పుడే, ఆ మేకు దగ్గర నిటారుగా నిలబడే మనిషి దగ్గర్నుంచి తీసుకోవలసింది వేరెవరూ కాదు, అదీ తనే.

తలుపు తీసుకుని దిగింది, ఏమైంది మేడమ్, తెర నచ్చలేదా అంటున్నాడు సేల్స్‌మన్, బాగుంది బాబూ, తెర ఉన్న బండే రాయండి, ఇకమీద చదివి చెప్పే మనిషి స్టీరింగ్ దగ్గర కూర్చుంటుంది అంది, బండి ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చింది, ఆయన చెయ్యి విరిగిన ఏడాది అన్ని నెలలూ బండి నడిపింది తనే, ఆయన పక్కన కూర్చుని నీ గేరు మార్పులకి నా ఎముక మళ్ళీ విరుగుతుందే అని ఏడిపించేవాడు, లైసెన్సు ఇంకా పర్సులోనే ఉంది, అటు తలుపు తెరిచింది, మీరు ఇటు రండి అంది, నేను బాగానే నడుపుతున్నా కదే, ఎండ కళ్ళలో పడింది, అంతే, అన్నాడు, ఎండ మన వెనక ఉందండీ అంది ఆమె, ఆయన తాళం చెవి మీదనుంచి చెయ్యి తీసేశాడు, పసిదాన్ని బడికి ఎవరు దింపుతారే అన్నాడు, ఆ గొంతు విని ఆమె కోపం ఎటు పోయిందో తెలియలేదు, మీరే దింపండి, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోండి, బడి ఎంత దూరమనీ, రేపు మాత్రం ముందు కంటి డాక్టరు దగ్గరికి, అక్కడికి దారి నాకు తెలుసు, అంది, ఆయన దిగాడు, దిగి ఎదురుగా నిలబడ్డాడు, మళ్ళీ ఆమె చెవి పక్కకి చూశాడు, అలవాటుగా చెయ్యి కమ్మ మీదికి పోబోయింది, పోబోయి ఆగింది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే మందుల షాపుకి కంటి చుక్కల మందు కోసం వచ్చే సంగీతం మాస్టారు గుర్తొచ్చాడు, ఆ మాస్టారు ఎప్పుడూ వెనక అరలని చూస్తూ ఆమెతో మాట్లాడతాడు, ఇక్కడున్నాను మాస్టారూ అని ఓసారి నవ్వితే, తెలుసమ్మా, నీ వైపు సూటిగా చూస్తే నువ్వు మాయమైపోతావు, మధ్యలో అంతా మసకే, ఇలా పక్కకి చూస్తేనే నీ మొహం కనపడుతుంది అన్నాడు, అయ్యో పాపం అనుకుని చిల్లర ఇచ్చి పంపేసింది, ఇంటికి వచ్చి అన్నం వడ్డిస్తూ మొగుడి చూపు భుజం అవతల ఉందని కుమిలింది, ఏడాది పొడుగునా కుమిలింది, ఆమె కదల్లేదు, కమ్మ సర్దుకోలేదు, వెనక్కి తిరిగి చూడలేదు, పక్కనుంచి బండ్లు పోతున్నాయి, సీటు ముందుకి జరపాలంటే కింద ఒక మీట ఉంటుంది మేడమ్ అంటున్నాడు సేల్స్‌మన్, ఉండు బాబూ ఒక్క నిమిషం అంది, ఆయన్ని చూడనిచ్చింది, అన్నం దగ్గరా, మాటల దగ్గరా, ఇందాక షోరూమ్‌లోనూ, ఆ చూపు ఆమెని తప్పించుకుని పోలేదు, ఆమె కోసమే పక్కకి జరిగింది, ఇన్నాళ్ళూ ఆయన చూస్తున్నది తననే.